వెల్దుర్తి నుంచే ఇంటర్న్‌షిప్

డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. కంపెనీలు మాత్రం పల్నాడు పల్లెల దాకా రాలేదు. ఈ దూరాన్ని ఇంటి నుంచే చేసే చిన్న చిన్న పనులు పూడ్చగలవా? పూడ్చగలవు. కాకపోతే చేసిన పనిని చూసి, బాగుందనో బాగాలేదనో చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

రెండో సంవత్సరం పరీక్షలు అయ్యాయో లేదో డిగ్రీ విద్యార్థి చేతికి ఒక పుస్తకం వస్తుంది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి తయారుచేసిన ‘ప్రోగ్రాం బుక్’ అది. రోజుకో గడి, వారానికో నివేదిక. ఇవాళ ఏ పని చేశావు, ఏం నేర్చుకున్నావు, పక్కన పర్యవేక్షించినవారి సంతకం. రెండు నెలలు ఏదో ఒక సంస్థలో పనిచేసి ఈ గడులన్నీ నింపుకొని రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరం నుంచి వచ్చిన పద్ధతి ఇది. మొత్తం పది నెలలు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. ఇంజనీరింగ్ వాళ్లకూ వేసవి ఇంటర్న్‌షిప్‌లు ఉన్నాయి. తరగతి గది దాటని డిగ్రీని పనిలోకి దింపాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

అయితే వెల్దుర్తి పిల్లలు ఎక్కడికి పోయి పనిచేయాలి?

వెల్దుర్తి పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చాక జిల్లా కేంద్రం గుంటూరు నుంచి నరసరావుపేటకు కాస్త దగ్గరైంది. మాచర్ల నియోజకవర్గంలోని ఈ మండలానికి ఒకవైపు మిర్చి, పత్తి, కంది చేలు, మరోవైపు నల్లమల. గంగలకుంట దగ్గర వరికపూడిశెల ఎత్తిపోతల కోసం ఇక్కడి రైతులు దశాబ్దాలుగా చూస్తున్నారు. అడవి అనుమతులన్నీ దాటి దానికి శంకుస్థాపన జరిగేసరికి 2023 నవంబరు వచ్చింది. సాగునీటికే ఇంత కాలం పట్టిన చోట సాఫ్ట్‌వేర్ కంపెనీనో, పెద్ద ఆడిటర్ ఆఫీసునో, పరిశోధనశాలనో వెతకడం అత్యాశ. మండలాఫీసు, బ్యాంకు, ఆసుపత్రి, బడి, సచివాలయం, ఎరువుల దుకాణాలు ఉంటాయి. అవి ఏటా ఎంతమందిని కూర్చోబెట్టి పని నేర్పగలవు? మాచర్ల పోయినా అంతే. నరసరావుపేటలో ఇంజనీరింగ్ కాలేజీలు చాలానే ఉన్నాయి గానీ, ఆ కాలేజీల పిల్లలే ఇంటర్న్‌షిప్ కోసం విజయవాడ వైపు, హైదరాబాద్ వైపు చూస్తుంటారు.

హైదరాబాద్ పోవాలంటే నాగార్జునసాగర్ దాటి పోవడమే. అమీర్‌పేటలోనో ఎస్‌ఆర్ నగర్‌లోనో హాస్టల్ బెడ్, తిండి, సిటీ బస్సు. జీతం లేని రెండు నెలల పని కోసం ఇంటి నుంచి వేల రూపాయలు తెప్పించుకోవాలి. కౌలు రైతు ఇంట్లో ఆ డబ్బు వేసవిలో ఎక్కడిది? మిర్చి అమ్మిన పైసలు పురుగుమందుల బాకీకి పోతాయి, మిగిలింది జూన్‌లో విత్తనాలకు దాచుకోవాలి. ఆడపిల్లయితే డబ్బుకు ముందు ఇంకో అడ్డు ఉంటుంది. ‘ఒక్కదాన్నే ఎక్కడ ఉంచుతాం?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయాన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేయడం తేలిక. ఆ ఇంట్లో కూర్చుంటే అంత తేలిక కాదు.

కొని తెచ్చుకుంటున్న అనుభవం

నిబంధన ఉంది, అవకాశం లేదు. ఈ రెండింటి మధ్య ఏం పుడుతుందో ఎవరైనా ఊహించగలరు. ‘సార్, సర్టిఫికెట్ తెప్పించుకుంటా’ అన్న మాట ఇప్పుడు రాష్ట్రంలోని ఏ కాలేజీ వరండాలోనైనా వినపడుతుంది. కొన్ని వందల నుంచి కొన్ని వేల రూపాయల దాకా తీసుకుని రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేసినట్టు కాగితం ఇచ్చేవాళ్లు పుట్టుకొచ్చారు. ప్రాజెక్టు రిపోర్టు కూడా వాళ్లే ఇస్తారు. ప్రోగ్రాం బుక్‌లోని అరవై రోజుల గడులు రెండు రాత్రుల్లో నిండిపోతాయి, ఒకరి పుస్తకం చూసి ఇంకొకరు రాసుకుంటారు. మార్కులు పడతాయి. ఉద్యోగ ఇంటర్వ్యూలో ‘ఏం చేశావు?’ అన్నప్పుడు మాత్రం నోట మాట రాదు.

ఇందులో పిల్లల్ని తప్పుపట్టలేను. దారి చూపకుండా గమ్యం అడిగితే అడ్డదారే దొరుకుతుంది. ఆ సర్టిఫికెట్లలో ఎక్కువ భాగం దొంగవని తెలిసి కూడా సంతకం పెట్టే పెద్దల బాధ్యతే ఇక్కడ పెద్దది.

కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఈ లోటు తీర్చదా అని అడిగేవారున్నారు. పెద్ద కంపెనీల్లో ఏడాది పాటు, నెలకు ₹5,000 భృతి, చేరేటప్పుడు ₹6,000 ఇచ్చే పథకంగా అది మొదలైంది. మంచిదే. కానీ మొదలైనప్పుడు దాన్ని 21 నుంచి 24 ఏళ్ల మధ్యవారికి, ఫుల్‌టైం చదువులో లేనివారికి ఉద్దేశించారు. రెండో ఏడాది డిగ్రీ చదివే పంతొమ్మిదేళ్ల పిల్లకు ఈ వేసవిలో అది అక్కరకు రాదు.

లాక్‌డౌన్ తెరిచిన తలుపు

2020 మార్చిలో దేశమంతా ఇంట్లో కూర్చున్నప్పుడు ఇంటర్న్‌షిప్‌లు ఇంటి నుంచే చేయవచ్చని అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) అనుమతించింది. టీసీఎస్ అయాన్ సంస్థ పదిహేను రోజుల ఉచిత కోర్సు పెట్టింది. తర్వాత తర్వాత ఏఐసీటీఈ, ఎడ్యుస్కిల్స్ కలిసి పది వారాల వర్చువల్ ఇంటర్న్‌షిప్‌లు తెచ్చాయి. మన రాష్ట్రంలో ఉన్నత విద్యామండలి స్మార్ట్‌బ్రిడ్జ్ లాంటి సంస్థలతో కలిసి ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లకు దారి వేసింది. క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ, ఏఐ పేర్లతో ఇప్పుడు వేల మంది అవి చేస్తున్నారు.

వీటిని తక్కువ చేయను. అయితే వీటిలో చాలావరకు ఏముంటుంది? వీడియోలు చూడాలి, ప్రశ్నలకు జవాబులు టిక్కు పెట్టాలి, బ్యాడ్జ్ తీసుకోవాలి. అది పాఠం. పాఠం నేర్చుకోవడం తప్పేమీ కాదు, అసలు పాఠమే కావాలనుకుంటే ఎన్‌పీటెల్ ఉంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003 నుంచి నడుపుతున్నాయి. పాఠాలు ఉచితం, పరీక్షకే ₹1,000. పరీక్ష కేంద్రానికి స్వయంగా పోయి రాయాలి కాబట్టి ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉంది. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు. 2017లో వచ్చిన స్వయం వేదికలో డిగ్రీ క్రెడిట్లకూ పనికొస్తాయి. పాఠాన్ని పాఠం అని చెప్పి ఇస్తున్న సంస్థ అది. దాని మీద గౌరవం ఉంది.

ఇంకో మెట్టు పైన ఫోరేజ్ లాంటివి ఉన్నాయి. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ వేదికలో పేరున్న బ్యాంకులు, కన్సల్టింగ్ కంపెనీలు తమ దగ్గర కొత్తగా చేరినవాళ్లు చేసే పనిని నమూనాగా పెడతాయి. ‘ఈ లెక్కలు చూసి క్లయింటుకు మెయిల్ రాయండి’ అంటారు. రాసి పంపితే, అక్కడి ఉద్యోగి ఎలా రాసేవారో ఒక మాదిరి జవాబు చూపిస్తారు. కొన్ని గంటల పని, పైసా ఖర్చు లేదు. ఆఫీసు లోపల పని ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని పిల్లలకు ఇది మంచి కిటికీ. కానీ మనం రాసిన మెయిల్‌ను అక్కడ ఎవరూ చదవరు. అది ఎవరికీ అవసరం లేదు.

ఇంటర్న్‌షిప్‌కు ప్రాణం ఎక్కడుందో ఇక్కడే తెలుస్తుంది. ఆఫీసు భవనంలో కాదు, ఐడీ కార్డులో కాదు. నువ్వు చేసిన పని ఇంకొకరికి అవసరమై ఉండాలి. తప్పు చేస్తే ఎవరో ఒకరు ఇబ్బంది పడాలి, ‘మళ్లీ చెయ్యి’ అని వెనక్కి పంపాలి. అమెరికాలో పార్కర్ డ్యూయీ అనే సంస్థ పది నుంచి నలభై గంటల చిన్న చిన్న పనుల్ని కంపెనీల నుంచి తెచ్చి, డబ్బులిచ్చి విద్యార్థులకు అప్పగిస్తోంది. పని ఎంత చిన్నదైనా అవతల ఒక మనిషి దానికోసం ఎదురుచూస్తుంటాడు. ఇంటి నుంచి చేసే పనిని కొలవాల్సింది ఈ కొలతతోనే. ఎన్ని వారాలన్నది కాదు, ఏ కంపెనీ లోగో అన్నది కాదు. నేను చేసినదాన్ని ఎవరు చూస్తారు, ఎవరు వాడుకుంటారు?

ఈ ప్రశ్నతో వెదికితే వెల్దుర్తిలో కూర్చున్న పిల్లకు కూడా పని దొరుకుతుంది. కంప్యూటర్ సైన్స్ చదవని వాళ్లకు కూడా.

తెలుగు, చరిత్ర, జంతుశాస్త్రం చదివేవాళ్లకు

ఇంటర్న్‌షిప్ అనగానే కోడింగ్ గుర్తొచ్చే రోజులివి. మాచర్ల, నరసరావుపేటల్లో బీఏ, బీఎస్సీ చదివే పిల్లలకు ‘మాకేముంది’ అన్న దిగులు ఎక్కువ. నిజానికి ఇంటి నుంచి నిజాయతీగా చేయదగ్గ పని వాళ్లకే ఎక్కువ ఉంది.

తెలుగు వికీసోర్స్ తీసుకోండి. 2005లో మొదలైన ఈ ఉచిత గ్రంథాలయంలో కాపీరైటు తీరిన పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి పెడతారు. యంత్రం ఆ బొమ్మలను అక్షరాలుగా మారుస్తుంది, బోలెడన్ని తప్పులతో. పక్కన పాత పుటను పెట్టుకుని ఆ తప్పులు దిద్దడమే పని. ఇక్కడ నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు ఒకటుంది. దిద్దని పుట ఎర్రగా ఉంటుంది. ఒకరు దిద్దితే పసుపు రంగుకు వస్తుంది. దాన్ని ఇంకొకరు చదివి సరే అంటేనే ఆకుపచ్చ. మన పుటను మనమే పచ్చగా చేసుకోవడానికి లేదు. ఎవరు ఏ రోజు ఏ నిమిషంలో ఏ అక్షరం మార్చారో చరిత్ర పేజీలో శాశ్వతంగా ఉంటుంది. రెండు రాత్రుల్లో నింపడానికి వీల్లేని లాగ్‌బుక్ అది. తెలుగు బీఏ చదివే విద్యార్థి రెండు నెలల్లో ఒక పుస్తకాన్ని పచ్చగా చేసి చూపిస్తే, ప్రూఫ్ రీడింగ్ అంటే ఏమిటో, పాత తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో, అచ్చు పనిలో ఓపిక అంటే ఏమిటో ఆ పిల్లాడికి తెలిసినట్టే. పబ్లిషర్ దగ్గరికి వెళ్లినా, పత్రిక ఆఫీసుకు వెళ్లినా చూపించుకోగలడు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మన రెండు రాష్ట్రాల ఊళ్లకు అందులో విడివిడిగా పేజీలున్నాయి. వాటిలో చాలా వివరాలు 2011 జనాభా లెక్కల నుంచి తీసుకున్నవే. ఈ పదిహేనేళ్లలో ఊళ్లు ఎంత మారాయి! జిల్లా మారింది, రోడ్లు పడ్డాయి, బడులు మూతపడ్డాయి లేదా కొత్తవి వచ్చాయి, బోర్లు ఎండిపోయాయి. చరిత్ర, ఆర్థికశాస్త్రం చదివే విద్యార్థులు తమ మండలంలోని ఊళ్ల పేజీలను ఆధారాలతో సరిదిద్దితే అది పనికొచ్చే పరిశోధన అవుతుంది. ఆధారం లేనిది రాస్తే అక్కడి పాత సభ్యులు తీసేస్తారు, ఎందుకు తీసేశారో చెబుతారు. ఆ మందలింపే శిక్షణ. మొదటి ఏడాది సామాజిక సేవా ప్రాజెక్టులో ఊరి సర్వే ఎలాగూ చేస్తున్నారు. ఆ సర్వే కాగితాలు కాలేజీ బీరువాలో మగ్గకుండా జనానికి అందే మార్గం ఇది.

వెల్దుర్తి మండలంలో లంబాడీ తండాలున్నాయి. బెంగళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ అనే వేదిక పెట్టింది. అందులోని పిల్లల కథలను ఎవరైనా తమ భాషలోకి అనువదించవచ్చు, ఉచితంగా చదవవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. బడికి పోయిన మొదటి రోజున పుస్తకంలో తన భాష కనపడని తండా పిల్లలు మన దగ్గర ఎంతమంది! తండా నుంచి డిగ్రీకి వచ్చిన అమ్మాయి తెలుగు లిపిలోనే లంబాడీలో పది చిన్న కథలు రాసి పెడితే, వాటిని తండాలోని పెద్దవాళ్లకు చదివి వినిపించి మాట సరిచేసుకుంటే, ఆ వేసవి వృథా అయిందని ఎవరనగలరు? ఆ పని ఆమె చేయగలదు, హైదరాబాద్‌లో కూర్చున్న ఏ కంపెనీ చేయలేదు.

జీవశాస్త్రాల వాళ్లకు ఊరి చెరువు గట్టే ప్రయోగశాల. ఈబర్డ్‌లో పక్షుల లెక్కలు నమోదు చేయవచ్చు. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో మొదలుపెట్టారు. ఆ ప్రాంతంలో, ఆ కాలంలో కనపడకూడని పిట్ట కనపడిందని రాస్తే ఒక సమీక్షకుడు వెంటనే అడుగుతాడు, ఫొటో ఉందా, ఎలా గుర్తుపట్టావు అని. ఐనేచురలిస్ట్‌లో మొక్క ఫొటో పెడితే తేదీ, చోటు ఉండి, చూసినవాళ్లలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే పేరు చెబితేనే పరిశోధనకు పనికొచ్చేదిగా లెక్క. సీజన్‌వాచ్‌లో ఒకే చెట్టును వారం వారం చూసి చిగురు, పూత, కాయ రాయాలి. పాలపిట్ట, గిజిగాడు, వేప, చింత, మోదుగ ఇవన్నీ ఊరి చుట్టూనే ఉన్నాయి. పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టనక్కర్లేదు, పెట్టకూడదు కూడా. రెంటచింతల ఎండలు ఎలాంటివో తెలుగువాళ్లందరికీ తెలుసు. మే నెలలో ఈ ప్రాంతంలో తెల్లవారుజామున రెండు గంటలే పనికి కుదురుతాయి. పక్షుల లెక్కకు కావలసిందీ సరిగ్గా ఆ రెండు గంటలే.

కోడ్ రాసేవాళ్లకు

వీళ్లకు దారులు ఎక్కువే. కానీ తెలిసిన దారులు తక్కువ. గూగుల్ 2005 నుంచి ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ నడుపుతోంది. ఇప్పటిదాకా ప్రపంచమంతటా 20 వేల మందికి పైగా అందులో పనిచేశారు. ఇంటి నుంచే చేసే పని. 18 ఏళ్లు నిండాలి. ప్రాజెక్టు పరిమాణాన్ని బట్టి 90, 175, 350 గంటలు. దేశాన్ని బట్టి మారే భృతి డాలర్లలో వస్తుంది. దరఖాస్తుకు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. కాలేజీ పేరు చూడరు, నువ్వు అంతకుముందు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏం సరిచేశావన్నదే చూస్తారు. సమాజం వెనక్కి నెట్టిన వర్గాల కోసం నడిచే అవుట్‌రీచీ ఇంకోటి. మూడు నెలలు, 7,000 డాలర్లు.

ఇవి దొరకడం కష్టం. ఆ కష్టమే అసలు విషయం. వీటికి తయారయ్యే క్రమంలో జరిగే పనే సగం ఇంటర్న్‌షిప్. గిట్‌హబ్‌లో ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుని, అందులో చిన్న లోపం పట్టుకుని, దిద్ది పంపితే, ప్రపంచంలో ఎక్కడో ఉన్న దాని నిర్వాహకుడు చదువుతాడు. ‘ఈ వరస మార్చు, ఈ పరీక్ష రాయి’ అంటాడు. నాలుగుసార్లు వెనక్కి పంపుతాడు. ఐదోసారి కలుపుకుంటాడు. ఎంపిక కాకపోయినా ఆ ఐదు ఉత్తరప్రత్యుత్తరాలు అక్కడే ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. ఇంగ్లిష్ కోడ్ భయపెడితే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను తెలుగులోకి తెచ్చే మొజిల్లా అనువాద వేదిక పాంటూన్‌తో మొదలుపెట్టవచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ పాత తెలుగు కథల పుటలను వేల మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో దిద్దించి తెలుగు కథలు చెప్పే చిన్న ఏఐ నమూనాను తయారుచేయించింది. కాలేజీలు తలుచుకుంటే ఎంతమందికి ఒకేసారి నిజమైన పని ఇవ్వొచ్చో చూపిన ఉదాహరణ అది.

పని ఊళ్లో, చూసే మనిషి దూరంగా

ఇంటి నుంచి పని అంటే ఎక్కడో ఉన్న కంపెనీ పనిని ఇక్కడ కూర్చుని చేయడమే అనుకుంటాం. దీన్ని తిరగేసి చూడమంటాను. పని ఇక్కడిదే, దారి చూపే మనిషి మాత్రం దూరంగా ఉంటాడు.

బీకాం విద్యార్థినికి వెల్దుర్తిలో ఏం పని ఉంటుందని తీసిపారేయకండి. మిర్చి రైతు గుంటూరు యార్డుకు టిక్కీలు వేసుకుని పోయి, అమ్ముకుని తెచ్చుకున్న పట్టీలు ప్రతి ఇంట్లో గూటిలో ఉంటాయి. తూకం, ధర, కమీషన్, హమాలీ, లారీ కిరాయి, చేతికొచ్చింది. ఊళ్లో ఇరవై మంది రైతుల పట్టీలు అడిగి తీసుకుని, ఎక్సెల్‌లో వరుసగా పెట్టి, ఏ వారం ఏ రకానికి ఎంత పలికింది, కోతల కింద ఎంత పోయింది అని తేల్చవచ్చు. దాన్ని గుంటూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఒక అకౌంటెంట్ వారానికొకసారి వీడియో కాల్‌లో చూసి తప్పులు చెబితే, అది ఏ ఆఫీసు ఇంటర్న్‌షిప్‌కూ తీసిపోదు. చివర్లో ఆ కాగితం రైతుల చేతికి వస్తుంది. వచ్చే ఏడాది ఎప్పుడు అమ్మాలో, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలో వద్దో ఆలోచించుకోవడానికి పనికొస్తుంది. ఒక్కటే షరతు, రైతుల పేర్లు, అప్పుల వివరాలు ఎక్కడా బయటపెట్టకూడదు. గోప్యత పాటించడం కూడా అకౌంట్స్ పనిలో మొదటి పాఠమే.

ఆ దూరపు మనిషి ఎక్కడ దొరుకుతాడు? పల్నాడు నుంచి పోయి హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్, న్యూజెర్సీల్లో స్థిరపడ్డ వాళ్లు వేలల్లో ఉన్నారు. 1977 నుంచి నడుస్తున్న తానా మొదలుకుని ఎన్నో ప్రవాస సంఘాలు సొంతూళ్లకు బడి గదులు, నీటి ప్లాంట్లు ఇస్తున్నాయి. ఆ చేతులతోనే వారానికి ఒక గంట ఇవ్వమని అడగాలి. ఒక్కొక్కరు ఒక్క విద్యార్థి పనిని ఎనిమిది వారాలు చదివితే చాలు. గది కట్టడం కంటే ఖర్చు తక్కువ, కాకపోతే డబ్బుతో పాటు మనసూ పెట్టాలి.

మోసాల సంగతి

ఇంటి నుంచి పని అన్న మాట చుట్టూ దొంగలూ చేరారు. కళ్లంలో తాలుకాయ ఏరినట్టు వీళ్లను ముందే ఏరేయాలి. ఇంటర్న్‌షిప్ ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే వదిలేయండి. ఇంటర్వ్యూ లేకుండా, నువ్వు చేసిన ఏ పనీ చూడకుండా ఆఫర్ లెటర్ పంపితే వదిలేయండి. మూడు చిన్న పనులు చేయించి, లింక్డిన్‌లో తమ పేరు పొగుడుతూ పోస్టు పెట్టమని, చివర్లో సర్టిఫికెట్‌కు డబ్బు కట్టమనే ‘కంపెనీలు’ అచ్చంగా ఇలాంటివే.

ఇంతకంటే ప్రమాదకరమైనవి టెలిగ్రామ్, వాట్సాప్‌లలో వస్తాయి. వీడియోకు లైకు కొడితే డబ్బు, హోటల్‌కు రేటింగ్ ఇస్తే డబ్బు అంటారు. మొదట రెండు మూడు వందలు నిజంగానే వేస్తారు. తర్వాత ‘ముందు మీరు కొంత పెట్టండి’ అంటారు. ఇంకొందరు మీ బ్యాంకు ఖాతా అద్దెకివ్వమంటారు. ఆ ఖాతాలోంచి దొంగ డబ్బు పారితే పోలీసు కేసు మీ మీదే పడుతుంది. ఓటీపీ, ఏటీఎం కార్డు, ఖాతా ఎవరికీ ఇవ్వకండి. మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంట్లో కూర్చుంటే రానివి

అన్నీ ఇంటి నుంచే చేయొచ్చని చెప్పను. రసాయనశాస్త్రం విద్యార్థి బ్యూరెట్ పట్టుకోవాలి. నర్సింగ్ విద్యార్థిని రోగి పక్కన నిలబడాలి. సివిల్ ఇంజనీరింగ్ కుర్రాడు సిమెంటు దుమ్ము పీల్చాలి. పెద్దవాళ్ల మధ్య ఎలా మెలగాలో, మీటింగులో ఎప్పుడు నోరు విప్పాలో, పక్క సీటు మనిషి పనిచేసే తీరు చూసి ఎలా నేర్చుకోవాలో ఇవేవీ తెర మీద రావు. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ వీలైనంతవరకు మనిషి ఎదురుగా ఉండి చేయాల్సిందే. దానికి పేద పిల్లలకు ప్రయాణపు ఖర్చు, బస ప్రభుత్వం చూడాలి. నేను మాట్లాడుతున్నది రెండో ఏడాది వేసవి రెండు నెలల గురించి. అక్కడ కొని తెచ్చుకున్న కాగితం కంటే ఇంటి నుంచి చేసిన నిజమైన పని వెయ్యి రెట్లు మేలు.

ఆ పనికీ కొన్ని ఉండాలి. మొదటిది కంప్యూటర్. పుట దిద్దడం, ఎక్సెల్, కోడ్ ఫోన్‌లో సాగవు, కళ్లు పోతాయి. చాలా ఇళ్లలో ఉన్నది అన్నదమ్ములిద్దరూ పంచుకునే ఒక్క ఫోన్. రెండోది నెట్. నెలకు ₹149కే ఇంటింటికీ ఇంటర్నెట్ అని ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభించారు. ఆ లక్ష్యం తండాల దాకా నెరవేరాలి. మూడోది కూర్చునే చోటు. ఇంట్లో ఆడపిల్ల ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ‘ఖాళీగా ఉంది’ అనుకుని పని చెబుతారు. నాలుగు గోడలు, ఫ్యాను, ప్లగ్గు ఉన్న ఒక గది ఊళ్లో కావాలి.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్ద ఎత్తున తెస్తామని ప్రకటించారు. రాష్ట్ర ఐటీ, జీసీసీ (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ల) పాలసీ 4.0లో మండలాల దాకా కో-వర్కింగ్ కేంద్రాల మాట ఉంది. ఉద్యోగుల కోసం ఆలోచిస్తున్న ఆ గదిలోనే మే, జూన్ నెలల్లో విద్యార్థులకు ఇరవై కుర్చీలు కేటాయిస్తే సరిపోతుంది. గదులు వచ్చేలోపు హైస్కూల్ కంప్యూటర్ ల్యాబు ఉంది, వేసవిలో దానికి తాళమే వేసి ఉంటుంది. ఆ తాళం తీయడానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు, ఒక బాధ్యుడు చాలు.

అన్నిటికంటే ముందు కావలసింది కాలేజీ గుర్తింపు. వికీసోర్స్‌లో పచ్చబడ్డ పుస్తకాన్ని, స్టోరీవీవర్‌లో అచ్చయిన కథను, ఈబర్డ్ లెక్కలను, గిట్‌హబ్‌లో కలిసిన కోడ్‌ను, రైతుల పట్టీల లెక్కను ఇంటర్న్‌షిప్‌గా ఒప్పుకోవాలి. గంటలు ఎన్నో సర్టిఫికెట్ చూసి కాకుండా పని చరిత్ర చూసి లెక్కించాలి. వైవాలో ‘ఎక్కడ చేశావు?’ అని కాక ‘ఏం చేశావు, చూపించు’ అని అడగాలి. మాచర్ల, నరసరావుపేట, గురజాల కాలేజీల అధ్యాపకులారా, ఈ వేసవికి మీ తరగతిలో ఐదుగురితో మొదలుపెట్టండి. ఉన్నత విద్యామండలి పెద్దలారా, ప్రోగ్రాం బుక్‌లో సంస్థ పేరు రాసే గడి పక్కనే ‘ఈ పనిని ఎవరు వాడుకుంటున్నారు’ అని ఇంకో గడి పెట్టండి.

వెల్దుర్తి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. వికీసోర్స్‌లో ఖాతా తెరవడానికి, ఈబర్డ్‌లో మొదటి లెక్క రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఫీజూ లేదు. సమ్మర్ ఆఫ్ కోడ్ సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరిలో వస్తుంది, దరఖాస్తులు మార్చిలో మొదలవుతాయి. సంక్రాంతి సెలవుల్లోనే పని మొదలుపెట్టండి.